కొండలకి కుక్కరెందుకండీ?

మన ఇళ్ళల్లో విహారయాత్రకి ప్లాను వేసేది మగవాళ్ళు, దాన్ని మోసేది ఆడవాళ్ళు. ఈ మాట కోపంతో అనడం లేదు, లెక్క చూసుకునే అంటున్నాను. ఎక్కడికి వెళ్ళాలి, ఎన్నింటికి బయలుదేరాలి, ఏ దారిన పోవాలి, పెట్రోలు ఎక్కడ పట్టించాలి - ఇవి వారి వంతు. ఎవరికి ఏ మాత్ర, ఏ పిల్లకి ఏ స్వెట్టరు, పులిహోరకి ఎంత చింతపండు, ఎన్ని తువాళ్ళు, ఎన్ని చెక్కలు, పెరుగు తొణక్కుండా ఏ డబ్బా - ఇవి మన వంతు. వారి ప్లాను ఒక కాగితం మీద ఇమిడిపోతుంది. ఇప్పుడైతే కాగితం కూడా అక్కర్లేదు, ఫోనులో వేలితో ఒక గీత గీస్తే సరి. మన ప్లాను మాత్రం కారు డిక్కీలో పట్టక కాళ్ళ దగ్గర రెండు సంచులై కూర్చుంటుంది. తిరిగొచ్చాక వాళ్ళు ఫొటోలు చూసుకుంటారు, మనం ఉతుకులు చూసుకుంటాం.

దీన్నే అందరూ "ఆడవాళ్ళకి కాస్త మార్పు" అంటారు. మార్పు ఏమిటో నాకైతే బోధపడలేదు. ఇంట్లో నాలుగు పొయ్యిల మీద చేసే వంట, అక్కడ ఒక్క పొయ్యి మీద, వంగుని చెయ్యాలి. అదేనా మార్పు?

మాది ద్రాక్షారామం. మా చుట్టుపక్కల నేలంతా పళ్ళెంలా చదునుగా ఉంటుంది. మాకు ఎత్తంటే భీమేశ్వరస్వామి గుడే. స్వామి అంతెత్తున ఉంటాడు కనక పై అంతస్తు ఎక్కి పూర్తి దర్శనం చేసుకుంటాం. అది దిగితే మళ్ళీ కాలవగట్లూ, కొబ్బరితోటలూ, వరిచేలూ. అందుచేత మా కోనసీమ వైపు వాళ్ళకి కొండలంటే పిచ్చి మోజు. అదీ న్యాయమే. మా చేలు తాగే నీళ్ళు ఆ కొండల సందుల్లోంచి వచ్చినవే కదా. గోదావరి పాపికొండల మధ్య ఒదిగి ఒదిగి నడిచి, పోలవరం దగ్గర విశాలమై, ధవళేశ్వరంలో కాలవల్లో పడి మా ఊళ్ళకి వస్తుంది. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ మేం తింటున్న అన్నంలో ఆ కొండల ఋణం ఉంది. ఆ పాపికొండల అడవినే 1978లో అభయారణ్యం చేశారు, 2008లో నేషనల్ పార్కు చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైచిలుకు అడవి. నేషనల్ పార్కంటే ఉయ్యాలలూ, జారుడుబల్లా ఉంటాయేమో అని మా అత్తయ్యగారు అడిగారు. లేవండీ, అక్కడ చెట్లే ఆడుకుంటాయి అని చెప్పాను.

ఇంత దగ్గర్లో ఇంత సంపద పెట్టుకుని, చూడ్డానికి వెళ్ళకూడదని నేనెందుకంటాను? వెళ్ళాలి. కానీ ఎలా వెళ్ళాలన్నదే నా తగువు.

మా ఇంట్లో మొన్న తయారైన ప్లాను వినండి. మా మరిది ఇంజనీరు. దారులన్నీ అతనికి నోటికి వచ్చు. మొదటిరోజు తెల్లవారుజామున నాలుగింటికి ద్రాక్షారామంలో బయలుదేరి రాజమండ్రి, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, సుక్మా మీదుగా చీకటిపడే లోపల జగదల్‌పూర్. సుమారు 400 కిలోమీటర్లు, అందులో ఘాటు రోడ్డు. రెండోరోజు చిత్రకూట్ జలపాతం, కాంగేర్ లోయ నేషనల్ పార్కు, అందులో కుటుంసర్ గుహలూ, తీరథ్‌గఢ్ జలపాతమూ. మూడోరోజు కోరాపుట్ మీదుగా అరకు, బొర్రా గుహలు. నాలుగోరోజు తెల్లవారుజామున వంజంగిలో మేఘాలు, అదే తెల్లవారుజామున లంబసింగిలో మంచు, రాత్రికి ఇల్లు.

"రెండు చోట్లా తెల్లవారుజామునే ఎలా ఉంటామయ్యా?" అన్నాను.

"అదే వదినా, కొంచెం స్పీడుగా వెళ్ళాలి" అన్నాడు.

మేఘాలు వంజంగిలోనూ, మంచు లంబసింగిలోనూ సూర్యుడు రాగానే సర్దుకుపోతాయి. మన మరుదులు మాత్రం సర్దుకోరు. నాలుగు రోజుల్లో మూడు రాష్ట్రాలు, రెండు జలపాతాలు, రెండు గుహలు, ఒక నేషనల్ పార్కు. అందులో భోజనం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఎందుకు లేదంటే "అది వదిన చూసుకుంటుంది" అని. బస అన్న మాట రెండుచోట్ల ఉంది. బాత్రూము అన్న మాట అసలు లేదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి మీరు వినే ఉంటారు. బోయీలతో, పరివారంతో వెళ్ళి పదిహేను నెలలకి పైగా తిరిగి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చూస్తే, మజిలీ మజిలీకీ ఏం రాసుకున్నారో తెలుస్తుంది. ఇక్కడ నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళున్నాయా, సామాను దొరుకుతుందా, దిగడానికి చోటుందా - ముందు ఇవి. ఆనాడు రైలు లేదు, కారు లేదు, ఫోను లేదు. అయినా మనిషికి దారిలో ఏం కావాలో ఆయనకి తెలుసు. చేతిలో భూగోళమంతా పెట్టుకున్న మనవాళ్ళకి ఆ పాటి తెలియదంటే ఒప్పుకుంటారా?

మొదట నీళ్ళ సంగతి మాట్లాడుకుందాం. ఇది మగవాళ్ళ ముందు మనం నోరువిప్పని విషయం. అందుకే ఇన్నేళ్ళుగా ప్లానులోకి ఎక్కలేదు.

కార్తీకమాసంలో మా ఊరు వచ్చి చూడండి. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట - పంచారామాలూ ఒక్కరోజులో చూపించే యాత్ర బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. బస్సు దిగిన మగవాళ్ళు గుడి ఎటని అడుగుతారు. ఆడవాళ్ళు మాత్రం గొంతు తగ్గించి, చుట్టూ చూసి, "బాత్రూములు ఎక్కడండీ?" అని అడుగుతారు. గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇల్లాళ్ళందరికీ ఈ ప్రశ్న తెలుసు. కార్తీక సోమవారాల్లో మా పెరటి తలుపుకి గడియ ఉండదు. ఒకసారి అరవయ్యేళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోవడానికి జంకారు. తెల్లారగట్ల నుంచీ చుక్క నీళ్ళు ముట్టలేదట.

"ఉపవాసమా అండీ?" అన్నాను.

"ఉపవాసం కాదమ్మా, బస్సు" అన్నారు.

ఇంతకన్నా వేరే సాక్ష్యం ఎందుకు? ప్రయాణం అంటే మన ఆడవాళ్ళు చేసే మొదటి పని మంచినీళ్ళు మానెయ్యడం. పిల్లకి తాగిస్తారు, పెద్దాయనకి సీసా అందిస్తారు, తాము మాత్రం పెదవులు తడుపుకుని ఊరుకుంటారు. ఆ తరవాత మూత్రంలో మంట, నడుంనొప్పి, జ్వరం. ఇంటికొచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "ప్రయాణాలేమైనా చేశారా?" అని. ఇది సిగ్గుపడే విషయమా? ఒంటికి సంబంధించిన విషయం. పెట్రోలు బంకుల్లో మంచినీళ్ళూ, మరుగుదొడ్డీ, టైర్లకి గాలీ ఉచితంగా ఇవ్వాలని ఆయిలు కంపెనీల నియమమే ఉంది. గాలి సంగతి మనవాళ్ళకి బాగా తెలుసు, దిగి మరీ నాలుగు టైర్లూ తట్టి చూసుకుంటారు. రెండో సంగతి అడగడానికి మాత్రం మొహమాటం. టైరుకున్న గౌరవం మనకి లేదా?

అంచేత ప్లాను రాసే కాగితంలో మొదటి గీత జలపాతానికి కాదు, ఆగే చోట్లకి గియ్యాలి. రెండు గంటలకి ఒకసారి ఆగాలి. ఎక్కడ ఆగుతామో ముందే అనుకోవాలి. రంపచోడవరం దాటాక అడవి మొదలవుతుంది, బంకులూ హోటళ్ళూ పలచబడతాయి. కాబట్టి ఆ ఊళ్ళోనే ఒక అరగంట ఆగి, అందరూ స్థిమితపడి ముందుకి కదలాలి. ఇందులో కష్టం ఏముంది? మా మరిది చెప్పినట్టు "టైం వేస్టు" అవుతుంది, అంతే. మనిషి మనిషిలా ఉండడానికి పట్టే టైము వేస్టయితే, మిగిల్చిన టైముతో ఏం చేస్తారు?

ఇహ వంట సంగతి.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సర్వే ఒకటుంది. ఈ దేశంలో జనం రోజుకి ఉన్న ఇరవై నాలుగు గంటలూ ఎలా వాడుకుంటున్నారో లెక్క కట్టారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందులో రోజుకి సగటున 289 నిముషాలు గడుపుతున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిముషాలు. అంటే మనది ఐదు గంటలకి దగ్గర దగ్గర, వారిది గంటన్నర. ఇది మామూలు రోజుల సంగతి. విహారయాత్రలో ఈ లెక్క తగ్గాలా, పెరగాలా? మన ఇళ్ళల్లో పెరుగుతుంది. బయలుదేరేముందు రెండు రోజులు పిండివంటలు. దారిలో పంపకాలు. బస చేరగానే అందరూ "అబ్బ, నడుములు పడిపోయాయి" అని మంచాల మీద వాలతారు. మన నడుములు ఎవరివో! "కాస్త అన్నం పడేస్తే చాలోయ్, పచ్చళ్ళున్నాయిగా" అంటారు. అన్నం పడెయ్యడం అంటే ఏమిటో వాళ్ళు ఎప్పుడూ పడేసి చూడలేదు. నీళ్ళు ఎక్కడున్నాయో వెతకాలి, బియ్యం కడగాలి, ప్లగ్గు పనిచేస్తుందో లేదో చూడాలి, కరెంటు పోకుండా దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి, తిన్నాక గిన్నెలు స్నానాల గదిలో తోముకోవాలి. ఈలోపల కొండ మీద పొద్దు గుంకిపోతుంది. "ఎంత బాగుందో చూశావా?" అని బయటినుంచి పిలుస్తారు. చూసేవాళ్ళమే. చేతులకి సబ్బు ఉంది.

ఒకాయన, మా దూరపు బంధువే, అరకు వెళ్ళొచ్చి మా ఇంట్లో కాఫీ తాగుతూ అరగంట వర్ణించారు. వాళ్ళావిడని "మీకెలా ఉందండీ అరకు?" అని అడిగాను. "గ్యాసు స్టవ్వు గాలికి ఆగలేదండీ" అందావిడ. అరకు గురించి ఆవిడకి జ్ఞాపకం ఉన్నది అదొక్కటే.

నాయని కృష్ణకుమారిగారు కాశ్మీరు చూసి వచ్చి "కాశ్మీర దీపకళిక" రాశారు. మనమందరం పుస్తకాలు రాయనక్కర్లేదు. కానీ కొండని కళ్ళారా చూసే తీరిక ఉంటేనే కదా ఎవరైనా దాని గురించి నాలుగు మాటలు చెప్పగలిగేది. కుక్కరు విజిల్స్ లెక్కపెట్టుకుంటూ జలపాతం హోరు వినగలిగే చెవులు భగవంతుడు ఎవరికీ ఇవ్వలేదు.

నేను ఈ మాటలంటే నాలుగు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"బయట తిండి పడదు" అంటారు మొదట. సంవత్సరం పొడుగునా బజారు బజ్జీలు పడుతున్నాయి, పెళ్ళిళ్ళ బఫేలు పడుతున్నాయి, స్నేహితులతో వెళితే హోటలు బిర్యానీలు పడుతున్నాయి. భార్యతో వెళ్ళినప్పుడు మాత్రమే పడకపోవడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేని జబ్బు. చంటిపిల్లలకీ, పథ్యం తినే పెద్దవాళ్ళకీ సరే, వాళ్ళకి కావలసింది చిన్న డబ్బాలో పట్టుకెళదాం. ఆ వంకతో పదిమందికి వంటశాల మొయ్యనక్కర్లేదు.

"ఖర్చు" అంటారు రెండోది. నిజమే, మధ్యతరగతి వాళ్ళం, చూసుకోవాలి. కానీ నాలుగు రోజులు వెయ్యి కిలోమీటర్లకి పైన తిరగడానికి పోసే పెట్రోలు ఖర్చు కాదట, నాలుగు పూటలు కూర్చుని తినే భోజనం ఖర్చట! రెండు ఊళ్ళు తగ్గించండి, ఆ పెట్రోలు డబ్బుతో ఇంటిల్లిపాదీ వేడివేడిగా తినొచ్చు. మన శ్రమకి వెల కట్టకపోవడం వల్లే అది చౌకగా కనిపిస్తోంది.

"ఇంత దూరం వెళ్ళి ఒక్కచోటే కూచుంటామా?" మూడోది. కూచోడానికే వెళ్ళాలండీ. తిరగడం ఇంట్లో రోజూ ఉన్నదే, వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వీధిలోకీ. పైపెచ్చు కారులో పది చోట్లు చుట్టి, ఒక్కొక్క చోట పావుగంట నిలబడి, ఫొటో తీసుకుని పరుగెత్తడాన్ని చూడడం అనరు. హాజరు వేయించుకోవడం అంటారు.

నాలుగో అభ్యంతరం మగవాళ్ళది కాదు, మనదే. "నా చేతి వంట తప్ప మావారు ముట్టరండీ" అని చెప్పుకుంటూ మురిసిపోయే వాళ్ళు మనలో లేరా? ఊరు కదిలితే ఎవరి సంచిలోంచి ఎన్ని రకాలు వచ్చాయి అని పోటీలు పడేవాళ్ళు లేరా? తోడికోడలు పది రకాలు తెస్తే మనం పన్నెండు తేవాలి! అక్కయ్యల్లారా, చెల్లెళ్ళారా, ఈ గొప్ప మనకి ఎవరు అంటగట్టారో ఒక్కసారి ఆలోచించండి. మనం మెచ్చుకోలుకి కరిగిపోయినన్నాళ్ళూ డిక్కీలో కుక్కరు కదలదు.

ఇంకో మాట. కొండల్లో మనం పొయ్యి వెలిగిస్తే అది మన నడుముకే కాదు, అడవికీ చేటే. ఎండాకులు పరుచుకున్న చోట మూడు రాళ్ళు పెట్టి మంట వేసి, చల్లారిందో లేదో చూడకుండా కారెక్కే కుటుంబాలని ఎంతమందిని చూడలేదు! అభయారణ్యాల్లో, నేషనల్ పార్కుల్లో అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజెయ్యడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ పైన మనం వదిలి వచ్చే విస్తళ్ళూ, ప్లాస్టిక్ గ్లాసులూ, నూనె సంచులూ ఉండనే ఉన్నాయి. కోతులు చింపుతాయి, పశువులు నములుతాయి, మొదటి వానకి వాగుల్లో పడతాయి. ఆ వాగులన్నీ చివరికి గోదావరివే. మన చెత్త మన కాలవకే వస్తుందన్నమాట.

అదే మనం వండుకోకుండా వెళితే? మారేడుమిల్లి రోడ్డు పక్కన పచ్చి వెదురుబొంగుల్లో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, నిప్పుల మీద కాల్చి, ఆకులో పెట్టి ఇస్తారు. నూనె చుక్క ఉండదు. శాకాహారులకి బొంగులో అన్నం. ఆ కొండల్లో ఉండే కొండరెడ్లూ, కోయవాళ్ళూ అడవిలో తేనె, చింతపండు ఏరి తెచ్చి అమ్ముకుని బతుకుతారు. ఇంటినుంచి ఉప్పుతో సహా మోసుకెళ్ళి, వాళ్ళ దగ్గర ఒక్క రూపాయి ఖర్చుపెట్టకుండా, వాళ్ళ అడవిలో చెత్త పోసి రావడం మర్యాదేనా? చుట్టం ఇంటికి వెళ్ళినా చేతులూపుకుంటూ వెళ్ళం కదా. కొనండి. బేరం ఆడకుండా కొనండి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయం. హడావుడి ప్లానుల వల్ల వచ్చే ప్రమాదం. మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాటు రోడ్డు చూడ్డానికి ఎంత అందమో, నడపడానికి అంత కష్టం. మలుపు వెనక మలుపు, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. 2019 అక్టోబరులో ఒకసారి, 2025 డిసెంబరులో ఒకసారి, భద్రాచలం నుంచి అన్నవరం వస్తున్న యాత్రికుల బస్సులు ఈ దారిలోనే పడిపోయి ప్రాణాలు పోయాయి. రెండోది ఇంకా తెల్లవారకముందు జరిగింది. కారణాలు తేల్చవలసిన వాళ్ళు తేలుస్తారు, నేను తీర్పు చెప్పడం లేదు. కానీ ఆ కబురు విన్న ఏ ఇల్లాలూ తన పిల్లల్ని చీకట్లో ఆ ఘాటు ఎక్కించదు. 400 కిలోమీటర్లు ఒక్కరోజులో పెడితే ఏదో ఒక ఘాటు చీకట్లోనే తగులుతుంది. నడిపేవాడు అలిసి ఉంటాడు, వెనకాల పిల్లలు వాంతులు చేసుకుంటూ ఉంటారు, "ఇంకెంత, ఇంకో గంట" అంటూ అందరూ ఒకళ్ళనొకళ్ళు మభ్యపెట్టుకుంటూ ఉంటారు. ఆ గంట ఎవరికి కావాలి? పగటిపూట ఎక్కాలి, పగటిపూట దిగాలి. ఇది భయం కాదు, ఇంగితం.

"మరి నువ్వు వెయ్యవోయ్ ప్లాను!" అన్నారు మావారు, చివరికి విసిగి. వేశాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు, మీరూ చూడండి.

వెళ్ళేది ఒక్క మారేడుమిల్లి. మా ఊరికి 140 కిలోమీటర్లు దాటదు. మూడు రోజులు, రెండు రాత్రులు, ఒకే బస. అక్కడ గిరిజనుల వనసంరక్షణ సమితి నడిపే బసలున్నాయి, ముందుగా చెప్పి పెట్టుకోవాలి. మా షరతు ఒక్కటే, అక్కడే భోజనం పెట్టాలి. పొద్దున్న ఏడింటికి, టిఫిన్లు తిని బయలుదేరడం. రాజమండ్రిలో ఒకసారి, రంపచోడవరంలో ఒకసారి ఆగడం. మధ్యాహ్నానికి మారేడుమిల్లి. ఆ పూట ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. రెండోరోజు జలతరంగిణి జలపాతం, ఓపికుంటే అమృతధార. తెల్లవారుజామున గుడిసె కొండ మీద మంచు చూడాలనుకునే వాళ్ళు స్థానికుల జీపు మాట్లాడుకుని వెళ్ళొచ్చు, నిద్రపోవాలనుకునే వాళ్ళు నిద్రపోవచ్చు. మూడోరోజు వెలుతురుండగానే ఇల్లు. సామాన్లలో మందుల పెట్టె, స్వెట్టర్లు, అల్లం మురబ్బా, మంచినీళ్ళు, చెత్త తిరిగి తెచ్చుకోడానికి ఒక ఖాళీ సంచి. ఎవరి బట్టలు వాళ్ళే సర్దుకోవాలి, ఎవరి మాత్రలు వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి. కుక్కరు ఇంట్లో.

మా మరిది కాగితం చూసి, "ఇంతేనా వదినా?" అన్నాడు. మా తోడికోడలు మాత్రం కాగితం రెండుసార్లు చదువుకుని, "అక్కా, నిజంగా కుక్కరు ఇంట్లోనేనా?" అంది. ఆ అమ్మాయి పెళ్ళయి పదకొండేళ్ళు. కుక్కరు లేకుండా ఊరు కదిలిన జ్ఞాపకం లేదట.

సంక్రాంతి వెళ్ళాక అలాగే వెళ్ళొచ్చాం. మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు. ఆవిడ బస ముందు కుర్చీ వేయించుకుని రెండు గంటలపాటు ఎదురుగా కొండని చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఎవరూ వచ్చి ఆవకాయ సీసా ఎక్కడని అడగలేదు. మా తోడికోడలు వాగు ఒడ్డున కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని, ఎన్నేళ్ళ కిందట మానేసిందో, పాట పాడింది. మా మరిది బొంగులో చికెన్ కోసం మూడుసార్లు వెళ్ళాడు. బయట తిండి బాగానే పడింది! జగదల్‌పూర్ ఎక్కడికీ పోదు, దానికి వచ్చే ఏడు విడిగా ఒక వారం పెట్టుకుందాం అంటే, "అవును వదినా, కుటుంసర్ గుహలు వానాకాలంలో మూసేస్తారు కూడా, చూసుకుని వెళ్ళాలి" అని తనే అన్నాడు. తెలివైనవాడే. తీరిక దొరికితే ఎవరికైనా ఆలోచన వస్తుంది.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో సభ తీరి, ఫోను చేతిలో పట్టుకుని మీవారో, మీ మరిదిగారో, మీ అబ్బాయో గీతలు గియ్యడం మొదలెట్టగానే, కాఫీలు అందించి వంటింట్లోకి వెళ్ళిపోకండి. కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చోండి. ఎక్కడ ఆగుతాం, ఎక్కడ తింటాం, ఎవరు వండుతారు, ఎన్నింటికి ఘాటు దిగుతాం - ఈ నాలుగూ అడగండి. జవాబు దొరికేదాకా చెక్కల పిండి తడపకండి. "నీకేం తెలుసోయ్ దారులు?" అంటే, దారి నాకు తెలియకపోవచ్చు, దారిలో మనుషులకి ఏం కావాలో నాకు తెలుసు అని చెప్పండి. అప్పటికీ వినకపోతే వాళ్ళనే వెళ్ళి రమ్మనండి, కుక్కరు కూడా ఇచ్చి పంపండి. గాస్కెట్టు ఎక్కడ పెట్టారో మాత్రం చెప్పకండి.